డ్రిల్లు మాస్టారి మోకాళ్లు

మా నాన్న వాళ్లు ఏడుగురు. అందులో ఆరుగురు కుర్చీలోంచి లేవాలంటే ముందు కుర్చీని బతిమాలుకోవాలి. మిగిలిన ఒక్కడు, అందరికంటే పెద్దవాడు, మా పెదనాన్న. డెబ్బై దాటినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. ఎక్కి ఊరుకుంటే ఏ గొడవా లేదు. పైకి చేరాక వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని మూలుగుతూ వస్తున్న తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసి, "అంతా బద్ధకం" అంటాడు.

ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. బడి ఆయన్ని వదిలేసింది కానీ ఆయన విజిల్ని వదల్లేదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, ఆ తర్వాత వంద గుంజీళ్లు. కీళ్లవాతమనేది సోమరిపోతులు కనిపెట్టిన జబ్బని ఆయన సిద్ధాంతం.

నా ఖర్మ కొద్దీ నా ఉద్యోగమే ఆ జబ్బు. కీళ్లవాతం కొన్ని కుటుంబాల్లో తరతరాలకీ ఎలా దిగుతుందో, ఏ జన్యువు దాన్ని మోసుకొస్తుందో వెతికే పరిశోధన సంస్థలో పనిచేస్తాను. పగలంతా ఊళ్లోవాళ్ల రక్తంతో కుస్తీ పట్టి ఇంటికొస్తే, సోఫాలో కూర్చుని మా నాన్నకి ఆరోగ్యం బోధిస్తూ పెదనాన్న కనిపిస్తాడు.

నాన్న ఆ ఏడుగురిలో ఆఖరివాడు. దర్జీ. చిన్నప్పటి నుంచీ అన్నయ్య నిలబడితే నిలబడి, కూర్చుంటే కూర్చున్న మనిషి. రెండేళ్ల క్రితం వేళ్లు వాచినప్పుడు నేనే కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వారానికోసారి వేసుకోమని ఆయన మాత్రలు రాశాడు. నాన్న బుద్ధిగా రెండు వారాలు వేసుకున్నాడు. మూడో వారం ఆ అట్ట పెదనాన్న కంట్లో పడింది.

"మాత్రలేంట్రా, వెన్నెముక లేనివాడిలా! పొద్దున్నే లేచి నాతో గుంజీళ్లు తియ్యి."

అంతే. మాత్రలు దుకాణంలో గుండీల సొరుగులోకి చేరాయి. నేను అరిచాను, అలిగాను, ఎక్స్‌రేలు గోడకి అంటించాను. మొన్న డాక్టరు నాన్న చెయ్యి తిప్పి చూసి, ఈ ఏడాది కూడా మందు పడకపోతే వేళ్లు ఇలాగే బిగుసుకుపోతాయనీ, తర్వాత తను కూడా ఏమీ చెయ్యలేననీ చెప్పాడు. నాన్న తలూపాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ గుంజీళ్లకి వెళ్లాడు.

ఒకరోజు దుకాణానికి వెళ్లేసరికి నాన్న కత్తెరని ఆకురాయితో రుద్దుతున్నాడు. పదును పెడుతున్నాడనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే, బొటనవేలు దూర్చే రింగుని లోపలి నుంచి అరగదీస్తున్నాడు. కణుపు వాచి వేలు పట్టడం లేదు.

"కత్తెర బిగుసుకుపోయిందే" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఇనుము బిగుసుకుపోవడం నేనెక్కడా చదవలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కీళ్ల మీద ఇంత చదువు వెలగబెట్టి, కన్నతండ్రి చేత ఒక్క మాత్ర మింగించలేకపోతున్నాను.

సంస్థలో మా పై అధికారి ఒకావిడ ఉంది. ఆవిడ అసలు పేరు ఏదైనా అందరం తొందర మేడమ్ అంటాం. టీ చల్లారేదాకా కూడా ఆగలేక నోరు కాల్చుకునే రకం. మా నాన్న వాళ్లలో జబ్బున్న ఆరుగురి రక్తం అప్పటికే పరీక్షించాం. ఆరుగురికీ ఒకే జన్యువు రాతలో ఒకే చోట ఒక అక్షరం మారి ఉంది. పెదనాన్న మాత్రం రక్తమివ్వలేదు. జబ్బు లేనివాడికి పరీక్షేంటని ఆయన వాదన.

"ఆయన్ని ఎలాగైనా పట్టుకురా" అంది మేడమ్. "ఆ మారిన అక్షరం ఆయనకీ ఉండి, జబ్బు మాత్రం రాలేదనుకో! ఏదో ఒకటి ఆయన్ని కాపాడుతోందన్నమాట. మన పంట పండినట్టే."

ఆవిడ పంట పండితే మా కొంప మునిగినట్టే. ఆ అక్షరం ఉండి కూడా జబ్బు రాలేదంటే, గుంజీళ్లతోనే జయించానని పెదనాన్న ఊరంతా టముకు వేస్తాడు. ఇక నాన్న జన్మలో మాత్ర ముట్టడు.

రక్తం తియ్యడం పెద్ద కష్టం కాలేదు. "మీ రహస్యమేంటో ప్రపంచానికి తెలియద్దా పెదనాన్నా?" అన్నాను. మాట పూర్తయ్యేలోపే చొక్కా చెయ్యి మడిచేశాడు.

ఫలితం వచ్చేదాకా నా ప్రయోగమే బోల్తా కొట్టాలని మొక్కుకుంటూ తిరిగాను. బోల్తా కొట్టింది. ఆ అక్షరం పెదనాన్నకి లేదు. ఆరుగురికి దిగింది ఆయన ఒక్కడికే దిగలేదు, అంతే సంగతి.

"ఛ, మామూలు మనిషేనా!" అంది మేడమ్.

నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని గంతులేశాను. బయటికొచ్చేసరికి సంతోషం ఆవిరైపోయింది. ఎవరి ఫలితం వాళ్లకి తప్ప రెండోవాళ్లకి చెప్పబోమని మేం అందరికీ మాటిచ్చి సంతకాలు తీసుకున్నాం. నాన్నకి ఈ సంగతి నేను చెప్పకూడదు. చెప్పగలిగిన మనిషి ఒక్క పెదనాన్నే. సొంత డప్పుకి సొంత చేత్తో చిల్లు పెట్టుకోమని ఆయన్ని అడగాలి.

సంస్థకి పిలిపించాను. మూడంతస్తులూ రెండేసి మెట్ల చొప్పున ఎక్కి వచ్చి, ఆయాసం లేకుండా నా ఎదుట కూర్చున్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాను.

"మరి నా వ్యాయామం?"

"గుండెకి చాలా మంచిది."

"మోకాళ్లకి?"

"మోకాళ్లు మీ ప్రతాపం కాదు పెదనాన్నా. పుట్టినప్పుడే అలా కలిసొచ్చింది."

"మళ్లీ చెయ్యి."

మళ్లీ రక్తం తీసి మళ్లీ చేశాను. మళ్లీ అదే. రెండోసారి విన్నాక ఆయన జేబులోని విజిల్ బయటికి తీసి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మా పెద్ద చెల్లెలు ఓసారి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నేను పైనుంచి విజిల్ ఊదాను" అన్నాడు. "ఊదానే అమ్మాయ్. నవ్వుతూ ఊదాను."

ఆ మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది. జాలితో పనులు జరగవు కాబట్టి, చెయ్యి పట్టుకుని తిన్నగా దుకాణానికి లాక్కెళ్లాను.

నాన్న చొక్కా గుడ్డ పరిచి గీతలు గీస్తున్నాడు. అన్నయ్యని చూసి లేవబోయి, బల్ల పట్టుకుని ఆగాడు.

"కూర్చో. ఒరేయ్, ఇందులో నా గొప్పేం లేదట్రా" అన్నాడు పెదనాన్న. "మీ అందరికీ దిగిన జబ్బు నాకు దిగలేదు. గుంజీళ్లు తియ్యకపోయినా నా మోకాళ్లు ఇలాగే ఉండేవి. నువ్వు మందు వేసుకో."

నాన్న నవ్వాడు. "నీతో ఇదే గొడవ అన్నయ్యా. ఎంత చేసినా చెప్పుకోవు."

చెప్పుకోడట! మా పెదనాన్న తన గురించి చెప్పుకోని రోజు ఒక్కటి చూపిస్తే నా పట్టాలన్నీ వెనక్కిచ్చేస్తాను.

"రేపట్నుంచి ఇంకో యాభై ఎక్కువ తీస్తాను. నాలోనే ఎక్కడో బద్ధకముంది" అంటూ నాన్న కత్తెర తీసుకుని వేలు రింగులోకి తొయ్యబోయాడు. కణుపు దగ్గర తోలు లేచిపోయి ఉంది. మెలితిప్పి, పళ్లు బిగించి, ఎలాగో దూర్చాడు.

పెదనాన్న ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు.

"నేనూ మింగుతున్నానురా" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంటి?"

"మాత్రలు. నాకూ ఉంది ఈ రోగం. మీ అందరికంటే ముందే వచ్చింది. దొంగచాటుగా మందు మింగి మీ ముందు మెట్లెక్కేవాణ్ని. పరువు పోతుందని దాచాను."

నేను నోరు తెరిచాను. పెదనాన్న నావైపు ఒక్క చూపు చూశాడు. ఒకప్పుడు బడి మైదానమంతా నోరుమూసుకున్న చూపు అది. నేనూ మూసుకున్నాను.

నాన్న కత్తెర కింద పెట్టి అన్నయ్యని పైనుంచి కిందిదాకా చూశాడు. తిడతాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను.

"వారానికి ఒకటా, రెండా అన్నయ్యా?" అన్నాడు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈ కబురు ఇంటింటికీ పాకడానికి సాయంత్రం కూడా పట్టలేదు. పెద్దత్త నాకు ఫోన్ చేసి, "దొంగ సచ్చినోడు!" అని దగ్గొచ్చేదాకా నవ్వింది. మిగతా తమ్ముళ్లు ఆయనకి "మాత్రల మాస్టారు" అని పేరు పెట్టారు. ఎవరేమన్నా ఆయన కిక్కురుమనలేదు. విజిల్ మళ్లీ ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, ఆయన దుకాణంలో హాజరు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకేసారి నోట్లో వేసుకుని, ఒకేసారి నీళ్లు తాగుతారు. నాన్నది డాక్టరిచ్చిన మందు. పెదనాన్నది నేను కొనిచ్చిన విటమిన్ బిళ్ల. మా పరిశోధన వ్యాసంలో ఆయనకి దక్కింది ఒక్క వాక్యం, జన్యువులో మార్పూ లేదు, జబ్బూ లేదు అని. "అది మీ నాన్నకి చూపించకు" అన్నాడు.

నాన్న వాపు నెమ్మదిగా తగ్గింది. బొటనవేలు రింగులోకి సులువుగా వెళ్తోంది. అరగదీసిన రింగు ఇప్పుడు వదులైపోయి, దానికి గుడ్డపేలిక చుట్టుకున్నాడు.

రోగిష్టివాడికి ఆ మాత్రం కుంటు లేకపోతే ఎలా అని పెదనాన్నకే తోచినట్టుంది. మొన్న ఆదివారం కుంటుతూ వచ్చాడు. దుకాణం ముందున్న రెండు మెట్లూ గోడ పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కాడు. నాన్న పరిగెత్తినంత పని చేసి కుర్చీ జరిపాడు, చెయ్యి అందించాడు. పెదనాన్న ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు.

మందు మింగడం అయ్యాక మళ్లీ కుంటుకుంటూ బయల్దేరాడు. వచ్చేటప్పుడు కుడికాలు, వెళ్లేటప్పుడు ఎడమకాలు. నేను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాను.

నాన్న గుమ్మంలో నిలబడి, అన్నయ్య వీధి మలుపు తిరిగేదాకా చూశాడు.

"పాపం, రెండో కాలికి కూడా పాకింది" అన్నాడు. "మన కోసం ఎంత ఓర్చుకున్నాడో."