కూత ఆగిన కారు

కుట్టిక్కానం నుంచి కొండ దిగే ప్రతి బండీ మెకానిక్ కురియన్ షెడ్డు ముందునుంచే పోవాలి. వాటిలో అతని అన్న అవరాచన్ కారును మాత్రం తలెత్తి చూడనక్కర్లేదు. బ్రేకు తొక్కితే చాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమనేది.

కూతురి నిశ్చితార్థానికి ముందురోజు పొద్దున్నే అవరాచన్ షెడ్డుకొచ్చాడు. "దీని గొంతు నొక్కరా. మగపెళ్ళివాళ్ళ వాకిట్లో ఇలా ఏడిస్తే నా పరువేం కాను?"

కురియన్ ముందు చక్రం విప్పాడు. "దుమ్ము పట్టి అరిస్తే తుడిచేవాణ్ణి చేట్టా. బ్రేకు ప్యాడ్ వెనకాల గ్రీజు ఆరి అరిస్తే కాస్త పూసేవాణ్ణి. ఇది ఆ కూత కాదు. ప్యాడ్ అరిగి అట్టముక్కయింది. అరిగిపోయానని చెప్పడానికే ఈ చిన్న రేకు పెడతారు, అదిప్పుడు చక్రం డిస్క్‌కి రాసుకుంటోంది. కొత్తవి కోట్టయం నుంచి రావాలి, ఎల్లుండి దాకా రావు. రేపటికి జీపు మాట్లాడుకో."

"వియ్యంకుడి ముందు అద్దె జీపులోంచి దిగాలా? నా పిల్ల పెళ్ళంటే నీకంత కడుపుమంటేంట్రా?"

కురియన్ చక్రం బిగించేదాకా నిలబడి, అవరాచన్ బండెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం షెడ్డు ముందు కారు చప్పుడు లేకుండా ఆగింది. "విన్నావా? వినబడదులే! కింద షెడ్డువాడు చిటికెలో మాన్పించాడు. నీకు చేతకాక పురాణం విప్పావు." పక్కనున్న టీకొట్టులో వాళ్ళు పగలబడి నవ్వారు.

ప్యాడ్ మార్చకుండా, కూత పెట్టే రేకును విరిచేశారని కురియన్‌కి అర్థమైంది. అన్న ఎటూ వినడని తల్లి ఏలియమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అమ్మచ్చీ, రేపు ఆ కారెక్కకు. కొండ దిగేలోపే బ్రేకులు పోతాయి."

"శుభమా అని బయల్దేరుతుంటే నీ నోట్లోంచి ఇంకో మాటే రాదురా?" అంటూ ఆమె రేపు తొడుక్కునే చట్టా రవిక మడతలు సరిచేసుకుంటూనే ఉంది.

మర్నాడు మూడో మలుపులో బ్రేకు పట్టలేదు. అవరాచన్ కారును కొండవైపు కాలవలోకి తిప్పాడు కాబట్టి లోయలో పడలేదు. అతనికీ పిల్లకీ గీతలతో పోయింది. ముందు సీట్లో కూర్చున్న ఏలియమ్మకు తుంటి విరిగింది.

కురియన్ గంజి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం చుట్టూ బంధువులున్నారు. "తమ్ముడి షెడ్డులోనే చూపించాను," అంటున్నాడు అవరాచన్. "సొంతవాణ్ణి కాక ఇంకెవర్ని నమ్ముతాం?"

అందరూ గుమ్మం వైపు చూశారు. అన్న ఇంకొక్క మాట కలుపుతాడేమోనని కురియన్ ఆగాడు. అవరాచన్ వంగి తల్లి దుప్పటి సర్దాడు.

"అమ్మచ్చీ, నేను వద్దన్నాను కదా," అన్నాడు కురియన్.

"అన్నావు. ఆ నాలుకే తగిలింది," అని ఆమె గోడవైపు తిరిగింది.

కాలవలోంచి తీసిన కారు కురియన్ షెడ్డుకే చేరింది. ప్యాడ్లు వచ్చాయి. తల్లి ఇంటికి రావలసింది ఆ కారులోనేనని కురియన్ దెబ్బతిన్న డిస్క్‌లు కూడా మార్చి, ప్యాడ్ల వెనక సన్నగా గ్రీజు పూసి బిగించాడు. ఒక్కడే మలుపులన్నీ దిగి, ఎక్కి చూసుకున్నాడు.

తాళాలకోసం అవరాచన్ రాలేదు. టీకొట్టువాణ్ణి పంపాడు. వాడు తాళాలు అందుకుని, "సరిగ్గా చూశావా ఈసారైనా?" అని అడిగాడు.