ఆగిన గడియారం వెనక పద్నాలుగు

ఆ బళ్ళో కథల పాఠం చెప్పే టీచరమ్మకి ఒక జబ్బుండేది. ఏ కథ చేతికొచ్చినా అడుగున ఇంకేదో ఉందని మోచేతిదాకా చెయ్యిపెట్టి దేవేది. పిల్లలు లోతు టీచరని పేరు పెట్టారు. ఒకసారి బస్టాండులో ‘చివరి బస్సు ఏడున్నరకు’ అన్న బోర్డు చూసి, ముసలితనం మీద ఎవరో మహానుభావుడు రాసిన ఒక్క వాక్యం కథ అనుకుని మురిసిపోయిందట. దానికి మూడు అర్థాలు తీసేలోగా ఆ బస్సు కాస్తా వెళ్ళిపోయింది. ఎనిమిది మైళ్ళు నడిచి ఇల్లు చేరింది. మూడే మైళ్ళని ఆమె అంటుంది. ఎనిమిదైతేనే కథ బాగుంటుంది కాబట్టి ఎనిమిదే ఉంచుదాం.

మందుల బీరువా తాళం కూడా ఆమె దగ్గరే ఉండేది. హెడ్మాస్టరు ఒక రూలు పెట్టాడు. పిల్లల దగ్గర గానీ, గదుల్లో గానీ మాత్రన్నది కనపడితే ఆ రోజే టీసీ. డాక్టరు రాసిచ్చిన మందులన్నీ బీరువాలోనే ఉండాలి. పదకొండు గంట కొట్టగానే మందులు వాడే నలుగురు పిల్లలూ వరసగా వచ్చి ఆమె ఎదుటే మింగి, నోరు తెరిచి ‘ఆ’ అనాలి. ఆమె చూసి పంపాలి. చూసేది, కాదనడానికి లేదు. కాకపోతే ఒళ్ళో ఎప్పుడూ ఒక కథల పుస్తకం తెరిచి ఉండేది. ఒక కన్ను పిల్లల నోటి మీద, ఇంకో కన్ను పేజీ మీద.

ఆ నలుగురిలో ఒకతె తొమ్మిదో తరగతి టపాకాయ. నోరు తెరిస్తే ఎదుటివాడు చెవులు మూసుకోవాల్సిందే. ఆరు నెలల కిందట ఆ పిల్లకి ఫిట్సు వచ్చాయి. తల్లికి బట్టల మిల్లులో తెల్లవారుజాము షిఫ్టు. ఆదివారం మాత్ర తనే దగ్గరుండి వేస్తుంది, మిగతా రోజులు బళ్ళో వెయ్యాలి. మొదటిరోజు మాత్రల సీసా అప్పజెబుతూ ఆవిడ టీచరు చెయ్యి పట్టుకుంది.

“ఒక్కరోజు కూడా తప్పకూడదన్నారు టీచరుగారూ. తప్పితే ఎత్తు మీద నిలబడనివ్వకండి. వచ్చేముందు ఎడమచేతి బొటనవేలు చూపుడువేలికి రాస్తూ ఉంటుంది. దానికే తెలీదు. అది మొదలైందంటే రెండు మూడు నిమిషాలే. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో మాత్రం ఏమీ కుక్కనివ్వకండమ్మా. తోటిపిల్లలకి తెలిస్తే చచ్చిపోతానంటోంది.”

“నా కూతురనుకోండి” అంది టీచరు. మనస్ఫూర్తిగానే అంది.

ఆ ఏడు పాఠాల్లో ఒక చిన్న కథ ఉంది. గడియారాలు బాగుచేసే ముసలాయనకి చేతులు వణుకుతాయి. డాక్టరు మాత్రలిస్తాడు. వణుకు తగ్గుతుంది గానీ గడియారం చప్పుడు చెవికి ఆనదు. అందుకని మాత్రలు మింగకుండా గడియారాల డొల్లల్లో దాచేస్తుంటాడు. కథ అంతే. ‘ముసలాయన మాత్రలు ఎందుకు దాచాడు?’ అని టీచరు ప్రశ్న ఇచ్చింది. అందరూ పేజీలకి పేజీలు లోతు తవ్వారు. టపాకాయ మాత్రం నాలుగే వాక్యాలు రాసింది.

‘మాత్ర వేసుకుంటే వణుకు పోతుంది, కానీ తనకి బాగా వచ్చిన పని కూడా పోతుంది. అందుకే దాచాడు. మా క్లాసులో ఆగిపోయిన గడియారం వెనక కూడా అలాంటివి పది ఉన్నాయి. ఎవరూ చూడరు.’

టీచరు ఆ కాగితం గుండెలకి హత్తుకుంది. ఎర్ర సిరాతో రాసింది: ‘అద్భుతం! ఆగిన గడియారం నిద్రపోతున్న సమాజానికి ప్రతీక. పది అంటే పదో తరగతి భయం. పదికి తొమ్మిదిన్నర.’

ఇది జరిగిన అయిదో రోజున హాల్లో వాదన పోటీ పెట్టారు. విషయం: ‘చదువు మీద మనసు నిలవడానికి బళ్ళో పిల్లలకు మందులివ్వవచ్చా?’ హెడ్మాస్టరు న్యాయనిర్ణేత. లోతు టీచరు వేదిక కింద మూలబల్ల దగ్గర కూర్చుని టైము చూసి గంట కొట్టాలి. వేదిక నిలువెత్తు ఉంటుంది. దాని ముందు గచ్చునేల.

ఇవ్వవచ్చన్న పిల్లవాడు కళ్ళద్దాలు తోసుకుంటూ కాగితం చూసి చదివి దిగిపోయాడు. తరవాత టపాకాయ ఎక్కింది. చేతిలో కాగితం ముక్క కూడా లేదు.

“కాలు విరిగితే కట్టు కడతారు. ఎందుకు? మళ్ళీ నడవాలని! కట్టు కట్టి, ఇక నడవొద్దంటే అది వైద్యమా?”

హాలు ఘొల్లుమంది. టీచరు మనసులోనే చప్పట్లు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడు అటెండరు వంగుని వంగుని వచ్చి క్లాసు గోడగడియారం ఆమె ముందు పెట్టాడు.

“హాల్లోది చెడిపోయిందన్నారుగా, ఇది తెచ్చా. కొత్త బ్యాటరీ వేశా, పరుగెడుతోంది.” జేబులోంచి చిన్న కాగితప్పొట్లం తీసి గుసగుసగా అడిగాడు. “ఏం టీచరుగారూ, గడియారానికి కూడా మందులు వాడుతున్నారా? వెనక ఇరికించి ఉంది.”

పొట్లం విప్పింది. లేతగులాబీరంగు మాత్రలు. వేలితో జరిపి లెక్కపెట్టింది. పద్నాలుగు.

పది, ఆ తరవాత నాలుగు రోజులు. పద్నాలుగు.

అంత పెద్ద హాల్లో ఆమెకి ఆ గడియారం చప్పుడు ఒక్కటే వినపడింది. ప్రతీకా లేదు, సమాజమూ లేదు, బూడిదా లేదు. పిల్ల ఉన్నది ఉన్నట్టు రాసిచ్చింది. తను చదివి మార్కులు వేసింది.

“ఎక్కడ దొరికిందో ఎవరికీ చెప్పకు” అంది అటెండరుతో.

పైన టపాకాయ వేదిక అంచుదాకా వచ్చేసింది. ఇంకో జానెడు జరిగితే గాలే. ఇప్పుడు లేచి దిగమంటే ఎందుకని వెయ్యిమంది అడుగుతారు. పిల్ల జబ్బు బయటపడుతుంది. పొట్లం హెడ్మాస్టరు కంటబడితే టీసీ. ఇంకా రెండు నిమిషాలుంది. పద్నాలుగు రోజులు రానిది ఈ రెండు నిమిషాల్లో వస్తుందా? రాదులే, రాదు. దిగాక చెయ్యి పట్టుకుని గదికి తీసుకుపోవచ్చు. ఎవరికీ తెలీదు.

అప్పుడు పిల్ల ఎడమచెయ్యి చూసింది.

బొటనవేలు చూపుడువేలిని రాస్తోంది. మెల్లగా, నలుసేదో దులుపుకుంటున్నట్టు.

టీచరు గంట కొట్టింది.

“ఇంకా రెండు నిమిషాలుంది టీచర్!” అంది టపాకాయ.

“టైమయిపోయింది. దిగు.”

“అన్యాయం! కొత్త గడియారం పెట్టి మోసం!” వెనక బెంచీలు అరిచాయి. హెడ్మాస్టరు మెడ తిప్పి, “ఏమిటమ్మా ఇది, నా వాచీలో కూడా ఇంకా ఉంది” అన్నాడు.

టీచరు చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. ఒక మెట్టు తప్పి మోకాలు కొట్టుకుంది, లేచి మళ్ళీ ఎక్కింది. ఎవరో నవ్వారు. పిల్ల దగ్గరకెళ్ళి పిడికిలి కాస్త విప్పి ఆమెకొక్కదానికే చూపించింది.

“పద్నాలుగున్నాయి” అంది చెవిలో. “నీ వేలు చూసుకో తల్లీ.”

టపాకాయ తన చెయ్యి వైపు చూసుకుంది. మొహంలో రంగు దిగిపోయింది.

“ఇక్కడ కాదు టీచర్. వీళ్ళందరి ముందు వద్దు.”

“మెట్లు దిగే టైము లేదు. కూర్చో. నేనున్నాను.”

పిల్ల ఒక్క క్షణం హాలువైపు చూసింది. చప్పట్ల కోసం నిలబడ్డ చోటే మోకాళ్ళ మీద కూలబడింది. టీచరు ఆమెని అంచు నుంచి లోపలికి లాగి పక్కకి తిప్పి, మడిచిన కొంగు తల కింద దూర్చింది. అంతలోనే వచ్చింది.

వెయ్యిమంది నోళ్ళు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఏదో బెంచీ కిర్రుమంది. హెడ్మాస్టరు వేదిక మీదికి ఉరికాడు.

“చెంచా! ఎవరైనా చెంచా తెండి! పళ్ళమధ్య పెట్టాలి!”

“పెట్టారంటే మీ చెయ్యి విరుస్తాను!” అంది లోతు టీచరు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆయన ముందు ఆమె గొంతు పెంచడం అదే మొదలు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గోడగడియారం నిమిషన్నర చూపించింది. ఆమెకైతే ఒక ఏడాది గడిచింది. తరవాత పిల్ల ఒళ్ళు వదులై, ఊపిరి సర్దుకుంది.

మందుల గదిలో మంచం మీద టపాకాయ కళ్ళు తెరిచేసరికి పొట్లం బల్ల మీద ఉంది. పక్కన ఎర్ర సిరా కాగితం. హెడ్మాస్టరు రెండూ చూస్తున్నాడు.

“ఎక్కడ దొరికాయివి?”

“క్లాసులో గడియారం వెనక” అంది టీచరు.

“రూలు రూలే కదమ్మా.”

“అయితే టీసీ నాకివ్వండి సార్. అది అయిదు రోజుల కిందటే నాకు రాసిచ్చింది, చోటుతో సహా. చదివి తొమ్మిదిన్నర వేసింది నేను. రోజూ దాని నోట్లోకి చూసి పంపిందీ నేనే.”

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. ‘పదో తరగతి భయం’ దగ్గర మీసం కదిలింది. నవ్వో కోపమో తెలీలేదు. “వాళ్ళమ్మకి ఫోను చేసొస్తా” అని, పొట్లం బీరువాలో పడేసి వెళ్ళిపోయాడు. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

“గెలిచానా టీచర్?” అడిగింది టపాకాయ. నాలుక ఇంకా తిరగడంలేదు.

“సగమే చెప్పావుగా. ఎందుకే దాచావు?”

“అది వేసుకుంటే మాటలు దొరకవు. గోడకవతల ఉన్నట్టుంటాయి. ఈ పోటీ అయ్యేదాకా అనుకున్నా.”

“డాక్టరుకి చెప్పావా?”

“ఆయన ఫిట్సు వచ్చాయా అనే అడుగుతారు. మాటలు వస్తున్నాయా అని ఎవరూ అడగలేదు. మీకు రాశాగా. అందులో లోతేమీ లేదు టీచర్. ఉన్నదే రాశా” అంది.

టీచరు దుప్పటి సర్దింది.

మర్నాడు తల్లితో కలిసి టీచరు కూడా డాక్టరు దగ్గరికెళ్ళింది. పిల్ల మిగతా సగం వాదన అక్కడ చెప్పింది. ఆయన పెన్ను మూసి చివరిదాకా విన్నాడు. మందు మార్చాడు, మెల్లమెల్లగా మార్చాలన్నాడు, కుదరకపోతే మళ్ళీ రమ్మన్నాడు.

ఆ సోమవారం పదకొండు గంట కొట్టారు. టపాకాయ వచ్చింది. వరండాలో ఇద్దరు పిల్లలు ఆమెని చూసి మోచేతులతో పొడుచుకున్నారు. ఆమె చూసీ చూడనట్టు లోపలికొచ్చి, మింగి, నోరు తెరిచింది. టీచరు ఒళ్ళో పుస్తకం లేదు. టార్చిలైటు ఉంది. నాలుక ఎత్తించింది, బుగ్గలు లాగి చూసింది, మళ్ళీ చూసింది.

“ఏం టీచర్, నా నోట్లో ఏ ప్రతీక కనపడుతోంది?”

“రెండు పుచ్చుపళ్ళు” అంది లోతు టీచరు. “ఇంకోసారి ‘ఆ’ అను.”