ఇప్పపువ్వు గాలం

ఏప్రిల్ 6, ఆదివారం. ఉదయం 7 గంటల 20 నిమిషాలకు మహారాష్ట్రలోని కోర్పనా దగ్గరి కొండవాగులో కావేరి ఒక రవ్వచేపను పట్టింది. మూడు సీజన్లలో ఆమెకు పడిన మొదటి చేప అది.

కావేరి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. ఊరు మంచిర్యాల. ఎర వాడదు. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి, ఈగలా కనిపించే గాలం చేసి నీటి మీదికి విసురుతుంది. వీడియోలు చూసి నేర్చుకుంది.

ఏప్రిల్ నాటికి వాగు పారడం ఆగింది. చేపలున్న మడుగు ఒకటే మిగిలింది. నడుము లోతు. అడుగున రాళ్లు కనిపిస్తాయి. మనిషి నీడ పడితే చేపలు బండ కిందికి పోతాయి. అందుకని ఆమె పడమటి ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుంది. ఎండ ఎదురుగా ఉంటే నీడ వెనక్కి పడుతుంది.

ఆ వాగులో చేపలు పట్టేది కొమురయ్య. సోమవారం మడుగులో వల వేస్తానని శనివారమే చెప్పాడు. కావేరికి మిగిలింది ఈ ఆదివారం ఉదయం ఒక్కటే.

ఆరు నుంచి ఏడు దాకా నలభై సార్లు విసిరింది. చేపలు దగ్గరికి వచ్చి, చూసి, తిరిగిపోయాయి.

"మా చేపలకు ఈకలు తినుడు అలవాటు లేదు మేడం," అన్నాడు వెనక ఒడ్డున కూర్చున్న కొమురయ్య, బీడీ ముట్టిస్తూ.

"కొమురన్నా, జర సప్పుడు చెయ్యకు."

"నేనేడ చేస్తున్న? చేపలే నవ్వుతున్నయి."

అతని భార్య జయమ్మ మడుగు మీదికి వంగిన ఇప్పచెట్టు కింద ఇప్పపూలు ఏరుతోంది. "పొద్దుగాలనే నీ నోటికి పని దొరికింది," అని భర్తను కసిరి, కావేరిని పిలిచింది. "చెల్లే, గీడ సూడు. పువ్వు పడ్డదా, మాయం. సగం పూలు గీ చేపలే తింటున్నయి. నా గంప ఎట్ల నిండాలె?"

కావేరి చూసింది. పువ్వు నీళ్లలో పడింది. ఒక నోరు పైకి వచ్చింది. పువ్వు లేదు.

ఆమె కొక్కెం మీది ఈకలు కత్తిరించింది. పక్క చేను కంచెకు చిక్కుకున్న పత్తి తెచ్చి, ఇప్పపువ్వు రంగు వచ్చేలా ఫ్లాస్కులోని టీలో ముంచి, పువ్వంత ఉండలా కొక్కేనికి చుట్టింది.

"ఏంది మేడం, చేపకు చాయ్ పోస్తున్నరా?"

మొదటిసారి గాలం కొమ్మకు తగిలింది. రెండోసారి చెట్టు కింద నీళ్లలో పడింది. దారం బిగిసింది.

చేప బండ వైపు గుంజింది. కావేరి నీళ్లలోకి దిగింది. కొమురయ్య లేచి నిలబడ్డాడు.

"దారం ఇడువుండ్రి మేడం! ఇడువుండ్రి... ఆఁ, గిప్పుడు గుంజుండ్రి!"

నాలుగు నిమిషాలు పట్టింది.

"పడ్డది! అక్కా, పడ్డది!" అని అరిచింది కావేరి.

జయమ్మ చేపను పూలు తూచే కాటా మీద పెట్టింది. కిలో ఎనిమిది వందల గ్రాములు. "నా పూలు తిని గింత బలిసినవా దొంగా," అంది.

7:50కి కొమురయ్య రెండో బీడీ పారేసి గాలం కర్ర అడిగాడు. కావేరి విసరడం చూపించింది. 8:35కి అతనికీ ఒకటి పడింది. కిలో మూడు వందల గ్రాములు.