పిట్ట తిరిగొచ్చే సీను

ఉగాది ప్రోగ్రాంకి పిల్లల నాటకం రాయమని దమయంతిగారు అడిగితే, టెన్త్‌తో చదువు ఆగిపోయినదాన్ని, నా వల్ల కాదన్నాను. అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో పిల్లలకి ఆదివారం తెలుగు బడి నడిపేది ఆవిడే. మేం రాస్తే పిల్లలకి నోరు తిరగడం లేదు, నువ్వు నీ కూతురికి పాడేటట్టు రాయి చాలు, అన్నారు.

తెలుగు చేయమని చేతికిచ్చింది ఒక పాత ఇంగ్లీషు మ్యూజికల్. అన్నీ చంటిపిల్లల పాటలే. ఊరి గడియారం మీద ఒక పిట్ట ఉంటుంది. అది కూస్తేనే ఊరు లేస్తుంది. ఒక చలికాలం కూత ఆగిపోతుంది. రొట్టెలవాణ్ణీ, దర్జీనీ, పాలావిడనీ అడుగుతూ పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. చివరికి మంచులో పిట్ట దొరుకుతుంది, చనిపోయి. దానిమీద ఆకులు కప్పి, ఆ పొద్దున ఊరిని పిల్లలే పాడి లేపుతారు.

రొట్టెలవాణ్ణి దోసెల అవ్వని చేశాను. పాలావిడ చేత మజ్జిగ చిలికించాను, కవ్వం చప్పుడుకి తాళం కుదిరింది. చివరి సీను దగ్గర ప్రోగ్రాం కమిటీవాళ్ళు ఆపారు. పండగపూట స్టేజీ మీద చావేమిటి, మార్చమన్నారు. నేను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. పిట్ట అమ్మమ్మగారి ఊరు వెళ్ళిందనీ, ఆవకాయ సూట్‌కేసుతో తిరిగొచ్చిందనీ రాసేశాను. అందరూ నవ్వారు. మా ఆయన శ్యామ్‌సుందర్ మాత్రం కాగితం చదివి, మడిచి, నా చేతికిచ్చేశారు.

ఆ అబద్ధం మా ఇంట్లో అప్పటికే ఉంది. అక్టోబరులో మాకు పుట్టిన బాబు ఆసుపత్రి నుంచి ఇంటికి రాకుండానే తొమ్మిదో రోజు పోయాడు. ఆరేళ్ళ దేదీప్యకి, తమ్ముణ్ణి రేపల్లెలో అమ్మమ్మ దగ్గరికి పంపామని చెప్పాను. ఇక్కడ అది మామూలే. ఉద్యోగాలు చేసే తల్లులు పసివాళ్ళని పంపి, ఏడాదో రెండేళ్ళో అయ్యాక తెచ్చుకుంటారు. దేదీప్య నమ్మింది. అప్పటినుంచి నాకు రోజూ భయమే. అమ్మతో మాట్లాడేటప్పుడు ఫోన్ దాని చేతికి ఇచ్చేదాన్ని కాదు.

దమయంతిగారి బేస్‌మెంట్‌లో రిహార్సల్. దేదీప్యది పిట్టకి తలుపు తీసే పాప వేషం. పిట్ట వేషం దాని స్నేహితురాలు భవితది. భవిత తమ్ముడు నాలుగో నెలలో గుంటూరు వెళ్ళి, మొన్న క్రిస్మస్‌కి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. భవిత సూట్‌కేసు లాక్కుంటూ రాగానే దేదీప్య పాట ఆపేసి నావైపు తిరిగింది.

"అమ్మా, మన తమ్ముడు ఎప్పుడొస్తాడు? డోర్ నేనే ఓపెన్ చేస్తా."

అక్కడున్న పెద్దవాళ్ళందరికీ సంగతి తెలుసు. దమయంతిగారు హార్మోనియం మీంచి చేతులు తీసేశారు.

కార్‌లోకి తీసుకెళ్ళి, వెనక సీట్లో దాని పక్కన కూర్చున్నాను. తమ్ముడు రేపల్లెలో లేడని, చచ్చిపోయాడని, ఇక రాడని చెప్పాను. ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న మెత్తటి మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. అది చాలాసేపు సీట్‌బెల్ట్ పెడుతూ తీస్తూ కూర్చుంది.

"అయితే అమ్మమ్మ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు నాన్నా."

"నువ్వు అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

అప్పుడు ఏడ్చింది. నన్ను పట్టుకోనివ్వలేదు. కాసేపటికి తనే నా ఒళ్ళో తల పెట్టుకుంది.

మర్నాడు దమయంతిగారికి ఫోన్ చేసి చివరి సీను పాతదే ఉంచమన్నాను. పండగ, కమిటీ అని ఆవిడ ఏదో అనబోయారు.

"పిట్ట రాదండీ. వద్దనుకుంటే నా పాటలన్నీ తీసేయండి."

ఆవిడ, కమిటీకి నేను చెప్పుకుంటాలే అన్నారు.

ఉగాదినాడు, స్టేజీకి మామిడి తోరణం కట్టడానికని కత్తిరించిన పచ్చకాగితాలే ఆకులయ్యాయి. పిల్లలు వరసగా వచ్చి పిట్టమీద తలో ఆకు వేశారు. దేదీప్య రెండు వేసింది. తర్వాత వెళ్ళి వరసలో నిలబడి, ఊరిని లేపే పాట అందుకుంది. అందరికంటే కాస్త వెనకబడి పాడింది గాని, చివరిదాకా ఆపలేదు.