నలభై నంబరు తెల్లదారం

మా నాన్న దర్జీ. ముప్ఫై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి. కళ్లు మూసుకుని దారాన్ని వేళ్ల మధ్య నలిపి నంబరు చెప్పేస్తాడు. చెప్పి ఊరుకోడు, ఎదుటివాళ్లు ఔనని ఒప్పుకునేదాకా వదలడు. ఆ మంగళవారం పొద్దున మా కొట్లో జరిగిన రభసంతా ఈ గొప్ప వల్లే కాబట్టి, కన్నతండ్రి అని కూడా చూడకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

కుక్కపిల్లను తెచ్చింది మా అత్త, నాన్న చెల్లెలు. ఆవిడ బస్సు కండక్టరు. బస్సులో చివరి సీటుకి వినపడేలా మాట్లాడటం అలవాటై, ఇంట్లో కూడా గొంతు దించదు. వాళ్ల కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఒకదాన్ని బుట్టలో వేసుకొచ్చి, కుట్టు మిషన్ల మధ్యనుంచి నడిచొచ్చి, తిన్నగా కటింగు బల్ల మీద దించింది.

"కొన్నాళ్లు చూడండి. వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, వచ్చి తీసుకుపోతా" అంది.

"కొట్లో కుక్కేంటే? గుడ్డలకి బొచ్చు అంటుకుంటే జనానికి నువ్వొచ్చి సమాధానం చెబుతావా?" అన్నాడు నాన్న, ముఖం మాడ్చుకుని.

"మేనకోడలు చిన్నప్పట్నుంచి అడుగుతోంది. దానికి ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఇంకెప్పుడు తెస్తావు అన్నయ్యా?"

అత్త చెప్పింది అబద్ధం కాదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి కుక్కపిల్ల కావాలని నేను అడుగుతూనే ఉన్నాను, నాన్న వద్దంటూనే ఉన్నాడు. మా ఇల్లు కొట్టు వెనకే. కాజాలు కుట్టేది, గుండీలు వేసేది నేను. అంటే రోజంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని పని చేసుకోవచ్చు. నల్లటి ముక్కు, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక దాన్ని ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకుపోకూడదు అనుకున్నాను.

అమ్మకి పని దొరికింది. పొద్దున పాలు, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం పాలలో నానబెట్టిన బ్రెడ్డు. రెండు వారాలు తిరిగేసరికి పిల్ల పొట్ట గుండ్రంగా, బిగుతుగా తయారైంది. వీధిలో వాళ్లందరూ దాన్ని బొజ్జోడు అని పిలవడం మొదలుపెట్టారు. అమ్మ పొంగిపోయింది. "అంతా నా చేతి చలవ" అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకుంది. ఆ ఊపులోనే దానికో కోటు కుట్టమని నాన్న ప్రాణం తీసింది.

నాన్న సణుగుతూనే టేపు తీశాడు. సణుగుడు వేరు, కొలత వేరు. మనుషులకి తీసినంత శ్రద్ధగా మెడ, ఛాతీ, నడుము తీసి కొలతల పుస్తకంలో రాశాడు. మరుసటి వారం కోటు వేసి చూస్తే పొట్ట దగ్గర పట్టలేదు. కుట్లు విప్పి వదులు చేశాడు. ఆపై వారం మళ్లీ పట్టలేదు.

"కొలత ఇచ్చాక ఒళ్లు పెంచుకుని వచ్చే బాపతు ఇది" అని బొజ్జోడి మీద నిజంగానే కోప్పడ్డాడు. బొజ్జోడు ఎక్కిళ్లు పెడుతూ తోక ఊపాడు.

నాకైనా అనుమానం రావాల్సింది. పొట్ట అంత ఉన్నా వీపు నిమిరితే ఎముకలు తగిలేవి. బొచ్చుకి నిగనిగ లేదు. ఎంత తిన్నా ఆకలే. విరేచనాలు కూడా అవుతుంటే, పసిది కదా అని సరిపెట్టుకున్నాను. బుర్ర ఉండి వాడకపోవడం అంటే ఇదే.

ఇక ఆ మంగళవారం. పొద్దున్నే కొట్టు తెరిచాం. బొజ్జోడు నా మిషను కిందికి వెళ్లి, రెండుసార్లు ఒళ్లు ఎగదోసి, భళ్లున కక్కేశాడు. తాగిన పాలలో తెల్లగా, పొడుగ్గా ఏవో మూడు పోగులు.

"దారం! కుక్క దారం మింగేసింది!" అని నాన్న గావుకేక పెట్టాడు. "ఎన్నిసార్లు చెప్పానే నీకు, రీళ్లు కింద పడెయ్యొద్దని?"

"నేనెక్కడ పడేశాను నాన్నా?"

ఆయన వింటేగా. వంగి, కత్తెర మొనతో ఒక పోగుని పైకెత్తి, వెలుతురులో పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. "నలభై నంబరు. తెల్ల కాటను. నీ కాజాల దారమే."

"కాజాలకి నేను వాడేది సిల్కు దారం."

"నాకు దారం గురించి చెబుతున్నావా?"

నాన్న ఫోను తీసి అత్తకి చేశాడు. "ఒసేయ్, ఆదివారం వచ్చి నీ కుక్కని తీసుకుపో. ఇది దారాలు మింగుతోంది. పేగులకి చుట్టుకుంటే చస్తుంది. దర్జీ కొట్లో దారాలు మింగే కుక్కని ఎలా పెట్టుకుంటాం?" అని పెట్టేశాడు.

ఆయన చెప్పిన దాంట్లో న్యాయం ఉంది, అదే నా ఏడుపు. మా కొట్లో దారం లేని చోటు ఎక్కడుంది? బొజ్జోణ్ణి ఎత్తుకుని, ఏం చెప్పి ఆపాలో తెలియక ఆ పోగుల వంక చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కదిలింది, మధ్యలో ఉన్న పోగు.

"నాన్నా, దారం కదిలింది."

"గాలికి."

"ఫ్యాను వెయ్యనే లేదు."

"తడిసింది కదా, పురి విడుతోంది. తడిస్తే దారం అలాగే మెలితిరుగుతుంది" అన్నాడు నాన్న, మహా తాపీగా.

ఈలోగా అమ్మ వచ్చి తొంగిచూసింది. రెండో పోగు కూడా మెలితిరిగింది. అమ్మ కెవ్వున అరిచి ఒక్క గెంతులో కటింగు బల్ల ఎక్కేసింది. ఆ బల్ల మీద చెయ్యి ఆనించినందుకే నన్ను వందసార్లు తిట్టిన మనిషి, ఇప్పుడు ఎవరిదో కోటు గుడ్డ మీద నిలబడి, "ఏవండీ, పురుగులండీ! నా తండ్రి కడుపులో పురుగులండీ!" అని చిందులు తొక్కుతోంది. నాకు ఏడుపు పోయి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక హిక్‌మంటే, చేతుల్లో బొజ్జోడు కూడా ఎక్కిళ్లు మొదలెట్టాడు.

ఖాళీ గుండీల డబ్బాలోకి ఆ మూడింటినీ చీపురు పుల్లతో ఎత్తాను. బొజ్జోణ్ణి లైనింగు ముక్కలో చుట్టి బయల్దేరాను. నాన్న చెప్పులేసుకుని వెంటపడ్డాడు. "నేనూ వస్తా. దారమని డాక్టరు నోటితోనే చెప్పిస్తా. తేలిందా, ఆదివారం కుక్క వెళ్లిపోవాల్సిందే."

"దారం కాదని తేలితే?"

"కాకపోవడం ఏంటి?" అన్నాడు.

జంతువుల ఆసుపత్రి రెండు వీధుల అవతల. డాక్టరమ్మ డబ్బా మూత తీసి, ఒక్క చూపు చూసి, "ఏలికపాములు" అంది.

"నలభై నంబరు తెల్లదారం, డాక్టరుగారూ. నేను దర్జీని" అన్నాడు నాన్న.

ఆవిడ చిన్న గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, ఒక పోగుని అందులో వేసింది. అది చక్కగా చుట్ట చుట్టుకుని, చుట్ట విప్పుకుని, ఇటునుంచి అటు ఈదింది. నాన్న గిన్నె మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"మేం పెట్టిన తిండి వల్ల వచ్చాయా?" అని మెల్లిగా అడిగాడు.

"కాదండీ. తల్లి కడుపులో ఉండగానే వస్తాయి, తల్లి పాలలోనూ వస్తాయి. దాదాపు పిల్లలన్నిటికీ ఉంటాయి. ఈ పొట్ట ఎప్పట్నుంచి ఉంది?"

అప్పుడు నాన్న నోరు విప్పాడు, పుస్తకం చూడకుండానే. "కోటుకి కొలిచిన మొదటి వారం నడుము పదకొండు అంగుళాలు. రెండో వారం పదమూడు. మొన్న పదిహేను. ఛాతీ మాత్రం పన్నెండు దగ్గరే ఆగిపోయింది. మెడ అరంగుళం తగ్గింది." చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. పొట్ట ఒక్కటే పెరిగి తక్కిన ఒళ్లు చిక్కిపోయిందన్న సంగతి, తన లెక్కలు తన చెవిన పడ్డాకే ఆయనకి తట్టింది.

"ఇంత కచ్చితంగా ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. ఇంకో వారం ఊరుకుంటే పేగుకి అడ్డం పడేవి. ఇంత చిన్న ప్రాణం తట్టుకోలేదు" అంది డాక్టరమ్మ.

మందు మోతాదు బరువుని బట్టి ఉంటుందట. బొజ్జోణ్ణి తూకం వేసి, సూది లేని సిరంజిలోకి మందు ఎక్కించి, "కదలకుండా పట్టుకోండి" అంది. నేను పట్టుకోబోతే బొజ్జోడు తల విదిల్చుకున్నాడు. నాన్న నన్ను పక్కకి తప్పించి, దాని దవడని రెండు వేళ్లతో ఒడుపుగా పట్టుకున్నాడు. బొజ్జోడు మందు మొత్తం మింగి, ఆయన కళ్లద్దాల మీద తుమ్మాడు.

పురుగులు ఒకట్రెండు రోజులు పడతాయి, కంగారుపడొద్దు, దొడ్డికి వెళ్లిన వెంటనే ఎత్తి పారెయ్యండి, మనుషులకీ అంటుకుంటాయి కనుక చేతులు సబ్బుతో కడుక్కోండి, తల్లికీ మిగతా పిల్లలకీ కూడా మందు పట్టించండి అని చెప్పి డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

తర్వాతి రెండు రోజులూ మా కొట్టు కొట్టులా లేదు. బొజ్జోడు పెరట్లోకి అడుగుపెడితే చాలు, నాన్న చేతిలో పని వదిలేసి, కాగితం పట్టుకుని వెనక పరిగెత్తేవాడు. ఒక బడి మాస్టారు ట్రయలుకి వచ్చి, ఒక చెయ్యి ఉన్న కోటుతో నిలబడి ఉంటే, పెరట్లోంచి "ఏడు! ఎనిమిది! అబ్బో, ఇది పొడుగు!" అని నాన్న కేకలు. మాస్టారు భయపడి, ఏం కొలుస్తున్నారమ్మా అని నన్ను అడిగారు. చెప్పాను. ఆయన రెండో చేతికోసం మర్నాడు వస్తానని, పిన్నులతోనే వెళ్లిపోయారు. నాన్న చేతులు కడిగి కడిగి అమ్మ సబ్బంతా కరగదీశాడు.

శుక్రవారానికి బొజ్జోడి పొట్ట మెత్తబడింది. శనివారం నా చెప్పు నమిలాడు, అమ్మ చెప్పు నమిలాడు, మధ్యలో విశ్రాంతి తీసుకుని మళ్లీ నా చెప్పు నమిలాడు. మా ముగ్గురికీ పట్టపగ్గాల్లేవు. కానీ ఆదివారం సంగతి నాన్న ఎత్తలేదు, అత్తకి మళ్లీ ఫోనూ చెయ్యలేదు. నేను అడగలేదు. ఏదడిగినా ముందు వద్దనడం ఆయనకి అలవాటు. అన్నాక తన మాట మీదే నిలబడటం ఇంకో అలవాటు.

ఆదివారం అత్త రానే వచ్చింది, బుట్టతో సహా. "ఏదే, దారాలు మింగే దొర?" అంది, వీధి వీధంతా వినపడేలా. నేను బొజ్జోణ్ణి గుండెకి హత్తుకుని గోడకి ఆనుకున్నాను.

నాన్న మిషను మీంచి తల ఎత్తలేదు. "అది దారం కాదే. పురుగులు. మందు మధ్యలో ఉంది, ఇప్పుడు పంపడం కుదరదు."

"మందేగా, నేను పోస్తాలే."

"నీకు పట్టుకోవడం రాదు."

"సరేలే బాబూ, మందు పూర్తయ్యాకే తీసుకుపోతా. ఎప్పటికవుతుంది?"

నాన్న మిషను ఆపి నా వంక చూశాడు. డాక్టరమ్మ చీటీలో రాసింది గుర్తు తెచ్చుకున్నాను. "మూడు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి. ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి. ఆ తర్వాత మూడు నెలలకోసారి" అన్నాను.

"అలా ఎన్నాళ్లు?"

"బతికినన్నాళ్లూ."

"విన్నావుగా. మందు మధ్యలో ఆపకూడదు" అన్నాడు నాన్న.

అత్త ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వింది. నాన్న నవ్వలేదు. లేచి, వాళ్ల కుక్కకీ నాలుగు పిల్లలకీ మందు రాయించిన చీటీని ఖాళీ బుట్టలో వేసి, ముందు బరువు తూచాలి, గుర్తుపెట్టుకో అని ఆవిడకి పాఠం మొదలెట్టాడు. నేను ఏడుస్తూ నవ్వుతూ బొజ్జోణ్ణి గట్టిగా నొక్కేశాను. వాడు కుయ్యిమన్నాడు.

"మెల్లిగా పట్టుకోవే, వాడు ఇప్పుడే తిన్నాడు" అని నాన్న నా మీద విరుచుకుపడ్డాడు.