ఏనుగుల దారిలో కుప్ప

నాగావళి ఒడ్డున ఏనుగులు నడిచే తన భూమిని నగరేశ్వరరావు రెండేళ్లుగా, ఎవరి బలవంతమూ లేకుండా, సాగు చేయకుండా వదిలేశాడు. ఈసారి అది ఖాళీగా ఉంది కదా అని బావమరిది ఆనంద్‌కుమార్ తమ రెండిళ్ల వరినంతా కోయించి అక్కడే కుప్ప వేయించాడు.

సాయంత్రం ఏనుగుల గుంపు ఏరు దాటి వచ్చి కుప్ప ముందు ఆగింది. ఆనంద్‌కుమార్ టపాసులు తీశాడు.

"బావా, అగ్గిపెట్టి తే! ఏడాది తిండి పోతాది."

"కాలిస్తే ఎటు పోతాయిరా? ఆ పక్క కూలోల ఇళ్లున్నాయి, సూడు."

"మరేటి సేద్దాం? కూకోబెట్టి వడ్డిద్దామా?"

"దారికడ్డంగా ఎట్టింది మనమే కదరా. తిననీ."

నగరేశ్వరరావు జేబులోని అగ్గిపెట్టెను పిడికిట్లో బిగించి నిలబడ్డాడు. ఏనుగులు కుప్పను లాగాయి, తిన్నాయి, తొక్కాయి. చీకటి పడేలోపు ఒడ్డు వెంబడే సాగిపోయాయి. ఇళ్ల వైపు ఒక్కటీ తిరగలేదు.

అప్పుడు పిడికిలి విప్పాడు. అగ్గిపెట్టె నలిగిపోయి ఉంది.