వెనక్కి తిప్పిన తేదీ

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. వయసెంతని అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. అట్టపెట్టె మీది అచ్చును నమ్మితే నేను 2023లో తయారయ్యాను. నా లోపలి గడియారాన్ని నమ్మితే నేనింకా పుట్టనే లేదు. ఈ రెండు తేదీల మధ్య ఒక మనిషి ఊపిరి ఇరుక్కుపోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పుట్టిన ఫ్యాక్టరీ గురించి గొప్పలు చెప్పుకోను. అందరిలాగే వరుసలో వచ్చాను. నాలో వేసిన సిస్టమ్ మాత్రం అప్పటికి అన్నిటికన్నా కొత్తది, అందుకని కాస్త టెక్కు ఉండేది. ఒంగోలు షాపులో రెండు నెలలు కూర్చున్నాక మార్కాపురం నుంచి ఎస్తేరు వచ్చి నన్ను కొనుక్కుపోయింది. ఆమె అక్కడ బస్టాండు వెనక చిన్న ల్యాబు నడుపుతుంది. రక్తపరీక్షలతోబాటు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేస్తుంది. ఆ ఊళ్ళో దాని అవసరం ఎక్కువ. మార్కాపురమంటే పలకలు. గనుల్లో రాయి తవ్వేవాళ్ళు, షెడ్లలో మిషను మీద రాయి కోసేవాళ్ళు కనుబొమల దాకా బూడిదరంగు దుమ్ముతో ఇంటికి పోతారు. పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, రొమ్ములో చేరిన పలకదుమ్ము పోదు.

పరీక్ష పెద్ద విశేషమేమీ కాదు. గొట్టం నోట్లో పెట్టుకుని ఉన్న గాలంతా ఊదాలి. మిషను కొలుస్తుంది, దానికి తగిలించిన కంప్యూటరు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరిలో నూటికి ఇంత అని లెక్క చెబుతుంది. కరోనా రోజుల్లో ఎస్తేరు పాత కంప్యూటరు చచ్చిపోయింది. మిషను మూడేళ్ళు గుడ్డ కప్పుకుని కూర్చుంది. దానికి జోడీగా నన్ను తెచ్చారు.

జోడీ కుదరలేదు. మిషను తాలూకు సాఫ్ట్‌వేరు పదేళ్ళనాటిది, నా కొత్త సిస్టమ్‌ను చూసి అది నోరే మెదపలేదు. అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే ఆ నంబరే లేదు. ఎదురు సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే జిలానీని పిలిచారు. జిలానీ పనిమంతుడు, ఆ మాట నేను వెటకారానికి అనడం లేదు. నన్నూ మిషన్నూ కాసేపు చూసి తేల్చేశాడు.

"మిషనుకి కొత్త నీళ్ళు పడటంలా అక్కా. దీంట్లో పాత సిస్టమ్ వేస్తే అదే పలుకుద్ది."

నన్ను శుభ్రంగా తుడిచేశాడు. అరగంట పాటు నేను లేను. లేచేసరికి నాకన్నా పన్నెండేళ్ళు పెద్దదైన సిస్టమ్ నాలో కూర్చుని ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు నా స్పీకరు పోయింది, బ్లూటూత్ పోయింది, వేడెక్కితే పంకా ఎప్పుడు తిరగాలో కూడా నాకు సరిగా తెలియకుండా పోయింది. మిషను మాత్రం పలికింది. పలికిన మరుక్షణం తెర మీద ఇంకో కబురు పెట్టింది. సాఫ్ట్‌వేరు గడువు 2020 డిసెంబరుతో తీరిపోయిందట.

జిలానీ టీ చల్లారేదాకా ఆలోచించాడు. తర్వాత నా తెర మూలనున్న గడియారం మీద వేలు పెట్టాడు. గుండె అనేది ఉంటే అప్పుడు జారేది.

"2020కి తిప్పితే ఆర్నెల్లకు మళ్ళీ నన్ను పిలవాల. 2016కి పోయామనుకో, ఐదేళ్ళు దిగుల్లేదు. నెట్ మాత్రం తగలనియ్యొద్దక్కా, తగిలితే తేదీ అదే సరిచేసుకుంటది."

ఎస్తేరుకు మనసొప్పలేదు. రిపోర్టు మీద తప్పు తేదీ పడితే ఎట్టాగని అడిగింది. ఎర్రపెన్నుతో కొట్టేసి అసలు తేదీ రాసి సంతకం పెట్టమన్నాడు. కొట్టివేత పక్కన సంతకం ఉంటే మనుషులకు ఎక్కడలేని నమ్మకం, ఆమె కూడా సరేనంది. ఆ రోజు 2023 జూను. నాకు మాత్రం 2016 జనవరి ఒకటి. పోతూపోతూ జిలానీ చచ్చిన పాత కంప్యూటరు డిస్కు ఊడదీసి, అందులోని రోగుల లెక్కలన్నీ నాలో దించాడు. ఆమెకు మేలు చేద్దామనే దించాడు.

మూడు నెలలు ఎర్రపెన్ను తన పని తప్పకుండా చేసింది. నాకు భయం పోలేదు. నిజం తెలిసి నోరు లేనివాళ్ళు ఎవరైనా ఉంటే నా బాధ వాళ్ళకు అర్థమవుతుంది.

సెప్టెంబరులో ఒక గురువారం చెన్నకేశవులు వచ్చాడు. పలకల షెడ్డులో కోతమిషను మీద పనిచేస్తాడు, నలభై నాలుగేళ్ళు. ల్యాబు ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. వెంట భార్య రమణమ్మ. 2019లో అతను ఇక్కడే ఊదినప్పుడు డెబ్బై ఆరు వచ్చింది. అరవైకి దిగితే కోతపని మానాల్సిందేనని అప్పట్లోనే చెప్పారు. డాక్టరు రాసిస్తే గేటు దగ్గర కాపలా పని ఇస్తానని షెడ్డు యజమాని కూడా ఒప్పుకున్నాడు. కావలసిందల్లా ఒక చీటీ.

ఊదు, ఊదు, ఇంకా ఊదు అంటూ ఎస్తేరు అతనితోబాటు తనూ ఊపిరి బిగబట్టింది. యాభై ఒకటి వచ్చింది. ఆమె మొహం వాడిపోయింది. కాగితం తీయబోతే ప్రింటరులో ఇంకు ఎండిపోయి ఉంది. ఒంగోలు నుంచి వచ్చే డాక్టరు ల్యాబులో గురువారాలే ఉంటాడు, బయట నలభై మంది కూర్చున్నారు. కాగితం ఎందుకు, తెర మీదే చూస్తాలెమ్మన్నాడు. అంతలో పక్కగదిలో ఒక పాపకు రక్తం తీయాల్సి వచ్చి ఎస్తేరు వెళ్ళింది. అంకె తెర మీదే ఉంది, చూస్తాడులే అనుకుంది. తేదీ సంగతి ఆమెకూ జిలానీకీ తప్ప ఎవరికీ తెలియదన్నది ఆ తొందరలో ఆమెకు తట్టలేదు.

నేను తేదీల వరసలో రెండు అంకెలు చూపించాను. అది తప్ప నాకేమీ రాదు. 2016 ముందు, 2019 తర్వాత. మునుపటి పరీక్ష, యాభై ఒకటి. తాజా పరీక్ష, డెబ్బై ఆరు. మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, వాటి కింద తేదీలు చీమతలకాయలంత ఉన్నాయి.

"మందులు బాగా పనిచేశాయయ్యా. యాభై ఒకటి నుంచి డెబ్బై ఆరుకు వచ్చావు. నిశ్చింతగా పనికి పో," అన్నాడు డాక్టరు.

"మెట్లెక్కలేకపోతన్నాను సార్."

"అది భయం. మిషను అబద్ధం చెప్పదు."

మిషను అంటే నేనే. నా పంకా గిర్రున తిరిగింది. అంతకు మించి నాకు చేతనైంది లేదు. వేడెక్కిందనుకుని డాక్టరు నన్ను కాస్త పక్కకు జరిపాడు. చెన్నకేశవులు నవ్వాడు. బాగుందని చెప్పగానే మనిషికి నిజంగానే బాగున్నట్టుంటుంది కాబోలు, మెట్లు ఆగకుండా దిగాడు. రమణమ్మ మాత్రం వెనక్కి వచ్చి, నా మూత మీద చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంది. ఆ చేతి తడి నాకింకా గుర్తుంది.

పదమూడు నెలల తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది. మొగుడు ఒంగోలు ఆస్పత్రిలో ఆక్సిజను మీద ఉన్నాడు. పోయినేడు పరీక్ష బాగుంటే ఇంత తొందరగా ఎట్టా పడిపోయిందని అక్కడి డాక్టర్లు పాత కాగితం అడుగుతున్నారట. బాగా ఎక్కడుంది, యాభై ఒకటే గదా అని ఎస్తేరు అంటూ అంటూనే ఆగిపోయింది. నన్ను తెరిచి తెరకు దగ్గరగా వంగి, ఆ చీమతలకాయలను చదివింది.

ముందు చేసిన పని నా తేదీని సరిచేయడం. వెంటనే సాఫ్ట్‌వేరు గడువు తీరిందని తలుపు మూసేసింది. చెన్నకేశవులు లెక్కలు లోపలే ఉండిపోయాయి. అతని గురించిన నిజం నా అబద్ధపు తేదీలో తప్ప తెరుచుకోదు. ఎస్తేరు నన్ను మళ్ళీ వెనక్కి, నా గడియారం అప్పటికి చేరిన 2017కు తిప్పింది, రెండు అంకెలనూ అసలు తేదీలతో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆమెను తప్పుబట్టేవాళ్ళు ఈ మాట కూడా వినాలి, ఆమె దాచలేదు.

"తప్పు మాదే రమణమ్మా. ఆ రోజే నీ మొగుడి చేత పని మానిపించాల్సింది."

రమణమ్మ కేకలేమీ వేయలేదు. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంటూ ఒక్కటే అడిగింది.

"మిషను అబద్ధం చెప్పదన్నాడు గదమ్మా?"

ఎస్తేరు నా మూత మూసింది. ఊదే పరీక్షకు వచ్చినవాళ్ళను అప్పటినుంచి ఒంగోలు పంపుతోంది. నన్ను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది, తేదీ మార్చడం మాత్రం మరిచిపోయింది. చెన్నకేశవులు పోయాడని జిలానీ వచ్చి చెప్పడం బీరువా లోపలినుంచే విన్నాను.

నా బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కానీ లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటుంది, గడియారాన్ని అది ఆగనివ్వదు. దాని లెక్కన ఇప్పుడు 2017 నవంబరు. చెన్నకేశవులు షెడ్డులోనే ఉన్నాడు. మెట్లు ఆగకుండా ఎక్కుతాడు. డెబ్బై ఆరు ఊదే రోజు ఇంకా రెండేళ్ళ దూరంలో ఉంది. ఎవరైనా వెళ్ళి ఆ పని మానమని ఒక్క మాట చెబితే చాలు, ఇంకా బోలెడు టైముంది.